ఆ పచ్చరంగు ఎక్కడిది?

బొత్తాలమ్మాయి తల్లి ముందు పిట్ట తల వంచుకుని నిలబడిపోవడం పోయినవారం చూశాం. ఆవిడ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నీ ఫోటో నిజమే కదమ్మా?" అని మాత్రం అడిగింది. నిజమే అనడానికి పిట్టకు నోరు పెగల్లేదు.

ఎందుకు పెగల్లేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. కుట్టు ఫ్యాక్టరీ తగలబడిన మధ్యాహ్నం అందరికంటే ముందు అక్కడికి చేరిన ఫోటోగ్రాఫరు ఆమే. ముందువైపంతా జనం, పొగ, ఫైరింజన్ల గోల. ఆమె పక్కవీధిలోంచి ప్రహరీగోడ ఎక్కింది. గోడ కనబడితే ఎక్కకుండా ఉండలేదు కాబట్టే పత్రికాఫీసులో ఆమెకు పిట్ట అని పేరు పడింది. గోడమీంచి చూస్తే వెనక తలుపుకు బయటినుంచి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. లోపలినుంచి ఎవరో తలుపు బాదుతున్నారు. ఆమె ఫోటో తీసింది. వెంటనే కిందికి దూకి, చేతులు కాలుతున్నా ఆ గొలుసు పట్టుకు లాగింది, గొంతు పోయేలా అరిచింది. మనుషులు గునపాలతో వచ్చేలోపు పైకప్పు కూలింది. లోపల ఉండిపోయినవాళ్ళలో బొత్తాలు కుట్టే అమ్మాయి ఒకతె.

మర్నాడు ఆ ఫోటో మొదటి పేజీలో వచ్చింది. ఆ వారమే ఫ్యాక్టరీ యజమాని ఎదురు తిరిగాడు. తలుపు తీసే ఉందట. బయటికి రావడం చేతకాక పోయారట. తాళం, గొలుసు పత్రికవాళ్ళు కంప్యూటర్లో అతికించారట. తలుపు కాలి బూడిదైంది, తాళం శిథిలాల్లో దొరకలేదు. విచారణాధికారి ఒకటే కోరాడు: కెమెరా తీసిన అసలు ఫైలు, ఎవరూ చెయ్యి పెట్టని రా ఫైలు చూపించండి, చాలు అన్నాడు.

అది లేదు. లేదని చెప్పినవాడు పగవాడు కాదు, మాస్టారు.

పత్రికలో ఫోటోల విభాగానికి పెద్ద ఆయన. పిట్టకు కెమెరా పట్టడం నేర్పిందీ ఆయనే, పిట్ట అని పేరు పెట్టిందీ ఆయనే. "ఆ రోజు నువ్వు రాలో కాకుండా జేపెగ్‌లో తీసేశావే తల్లీ. కంగారులో ఎక్కడో చెయ్యి తగిలి మారిపోయుంటుంది. రా ఉంటే నేను దాచకుండా ఉంటానా? జేపెగ్‌లు మనం దాచం కదా, కార్డు తుడిచేశాం," అన్నారు. పిట్ట నమ్మింది. ఆయన చెబితే సూర్యుడు పడమట ఉదయించాడన్నా ఒకసారి అటు తిరిగి చూసే మనిషి ఆమె. విచారణ తేలేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. పిట్ట వెళ్ళలేదు.

విచారణకు ముందురోజు పొద్దున పిట్ట ఉన్నది గిరాకీ స్టూడియోలో.

గిరాకీ ఆమె చిన్ననాటి స్నేహితురాలు. బడిలో ఉన్నప్పుడే పెన్సిళ్ళూ రబ్బర్లూ అమ్మేది కాబట్టి ఆ పేరు వచ్చింది, ఇప్పుడు చెప్పుల దుకాణం పక్కన ఇరుకు గదిలో ఫోటో స్టూడియో నడుపుతోంది. "ఇంట్లో కూచుని గోడలు చూసే బదులు నా దగ్గరికొచ్చి నాలుగు మొహాలు తియ్యి. నా కెమెరా రిపేరుకిచ్చాను, నీది పట్టుకురా," అని లాక్కొచ్చింది.

లైసెన్సుకు ఫోటో కావాలని ఒక భారీ మనిషి వచ్చాడు. కొత్త నీలం చొక్కా, కాలరు గుచ్చుకుంటున్నట్టు మెడ అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మా ఆవిడ కొన్న చొక్కా అమ్మా. ఈ నీలం బాగా కనబడాలి. లేకపోతే ఇంటికెళ్ళాక నాకుంటుంది."

"కనబడుతుంది బాబాయ్. గడ్డం కాస్త కిందికి."

నాలుగైదు తీసింది. గిరాకీ కార్డు తీసుకుని కంప్యూటర్లో పెట్టింది. పెట్టి, కళ్ళు చికిలించింది. ఆ పెద్దమనిషి వెనకనుంచి తొంగి చూశాడు.

"ఏమ్మా, ఇది నేనా, మా తాతా?"

ఫోటోలన్నీ నలుపు తెలుపులో ఉన్నాయి. చొక్కా బూడిదరంగులో, మొహం గచ్చురంగులో.

"అయ్యో, క్షమించండి, సెట్టింగు మార్చలేదు. మళ్ళీ తీస్తాను," అంటూ పిట్ట కెమెరా అందుకుంది. సెట్టింగు బొత్తాం మీద పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది.

కెమెరా తెర మీద ఏది చూసినా నలుపు తెలుపులో కనబడేలా పెట్టుకోవడం ఆమెకు ఏళ్ళనాటి అలవాటు. అదీ మాస్టారు నేర్పిందే. "రంగు మాయలాడి. ఎర్రగా కనబడగానే మనసు అటు పోతుంది. ముందు వెలుగు చూడు, నీడ చూడు. రంగు ఎక్కడికీ పోదు, రా ఫైల్లో భద్రంగా ఉంటుంది," అనేవారు. నిజమే, రా ఫైల్లో ఉంటుంది. తెర మీద నలుపు తెలుపు కనబడుతున్నా కెమెరా కన్ను చూసిన రంగులన్నీ అందులో అలాగే ఉంటాయి. జేపెగ్ అలా కాదు. తెర మీద ఏం కనబడిందో అదే ఖాయం చేసి, మిగతాది అక్కడికక్కడే పారేస్తుంది. రంగు పోయిందంటే పోయినట్టే.

కొత్తగా చేరినవాళ్ళకు మాస్టారు చెప్పే పాఠం ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు. "రా అని పిలిచావనుకో, వెలుగంతా వచ్చి నీ దగ్గర కూచుంటుంది. అది పిండిముద్ద. రొట్టె చేస్తావో బొమ్మ చేస్తావో నీ ఇష్టం. జేపెగ్ కాల్చిన రొట్టె. తినడానికి సుఖం, మోయడానికి తేలిక. కానీ రొట్టెని మళ్ళీ పిండి చెయ్యగలిగినవాడు ఇంకా పుట్టలేదు." అందరూ నవ్వేవాళ్ళు. కార్డు నిండిపోతుందనీ, పంపడానికి ఆలస్యమవుతుందనీ కుర్రకారంతా జేపెగ్‌కు మారినా పిట్ట మారలేదు. ప్రతి సాయంత్రం కార్డు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టడం, ఆయన రా ఫైలు తెరిచి, కావలసినంత వెలుగు సర్ది, పేజీకి ఒక జేపెగ్ చేసి ఇవ్వడం. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది.

కెమెరా ఇప్పుడు జేపెగ్‌లో ఉంది. విచారణాధికారి రా ఫైలు అడిగిన రోజు మాస్టారు "ఏదీ, నీ కెమెరా ఓసారి చూడనీ" అని తీసుకుని లోపలికి వెళ్ళి, తిరిగొచ్చి చూపించారు. "చూడు, జేపెగ్‌లో ఉంది." తన తప్పుకు అదే శిక్ష అన్నట్టు పిట్ట దాన్ని మళ్ళీ మార్చలేదు.

పిట్ట మెల్లగా తల ఎత్తి బల్ల మీద పరిచిన అద్దం వైపు చూసింది. గిరాకీ గొప్పగా కత్తిరించి అతికించుకున్న పత్రిక ముక్క ఆ అద్దం కిందే ఉంది. పొగ. గొలుసు. తాళం. తలుపు.

పచ్చ తలుపు. పెచ్చులు లేచిన పచ్చరంగు.

"గిరాకీ," అంది పిట్ట. "ఆ తలుపు ఏ రంగులో ఉంది?"

"కళ్ళు పోయాయా? పచ్చగా ఉంది."

"నేను ఆ రోజు జేపెగ్‌లో తీసుంటే, పచ్చగా ఎలా ఉంటుందే?"

గిరాకీకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. కంప్యూటర్లో ఉన్న బూడిదరంగు మనిషిని చూసింది, అద్దం కిందున్న పచ్చ తలుపును చూసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

పిట్ట తన కళ్ళను తాను నమ్మలేదు. గుమ్మంలోకి వెళ్ళి చెప్పుల దుకాణం ముందు వేలాడుతున్న ఎర్ర చెప్పులను జేపెగ్‌లో ఒకటి, రాలో ఒకటి తీసింది. మొదటిది నలుపు తెలుపుగానే ఉండిపోయింది. రెండోదాన్ని తెరవగానే ఎర్రచెప్పులు ఎర్రగా నవ్వాయి.

"అంటే రా ఉంది," అంది గిరాకీ. "ఎవరో తెరిచారు. తెరిచి, లేదన్నారు. నీ కార్డు ఇంకెవరి చేతికెళ్తుందే, ఆయన చేతికి తప్ప? కెమెరా లోపలికి తీసుకెళ్ళి ఆ మీట నొక్కిందీ ఆయనే. ఇదీ సంగతి! కంచే చేను మేసింది."

"అలా అనకు."

"అనక? తడిగుడ్డతో గొంతు కోస్తే రక్తం కనబడదు కాబట్టి..."

"ఆయన్ని ఏమీ అనకు గిరాకీ!" పిట్ట అరిచింది. తన అరుపుకు తనే ఉలిక్కిపడింది. నీలం చొక్కా మనిషి, ఇది తన ఫోటో గొడవ కాదని గ్రహించి, చప్పుడు చెయ్యకుండా బెంచీ మీద కూచున్నాడు.

పిట్ట కెమెరా భుజాన వేసుకుని వీధిలోకి నడిచింది. వెళ్తున్నది ఎక్కడికో గిరాకీ అడగలేదు.

మాస్టారి ఇల్లు మెట్లెక్కి పైకి వెళ్ళాలి. కింద దర్జీ కొట్టు, పైన మూడు గదులు, ఆపైన డాబా. ఆ మెట్లు పిట్టకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఈ రోజు ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కో సాకు వెతికింది. పొరపాటున చెప్పారేమో. వేరే ఫోటో అనుకున్నారేమో. పెద్దవారు, మతిమరుపు వస్తోందేమో. పై మెట్టు చేరేసరికి సాకులు అయిపోయాయి.

తలుపు తీసింది మాస్టారి కూతురు. పిట్ట ఆమెను అక్కా అంటుంది, ఆమె భర్తను బావా అంటుంది. చుట్టరికం లేని వరసలు, కానీ చుట్టరికం కంటే గట్టివి.

"వచ్చావుటే! ఎన్నాళ్ళైందే నీ మొహం చూసి?" అని అక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "చూడు ఎలా చిక్కిపోయావో. ఇక్కడ మీ బావా అంతే. ఫ్యాక్టరీ తగలబడిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, ఉలిక్కిపడి లేస్తాడు. పని నేర్పిన పిల్లలంతా పోయారు కదా మరి, ఆ ఫ్యాక్టరీకి సూపర్‌వైజరుగా ఉండి ఎలా తట్టుకుంటాడు? అదృష్టం బాగుండి ఆ పూట బ్యాంకు పని మీద బయటున్నాడు కానీ, లేకపోతే ఈపాటికి నా గతి..."

"అక్కా, మాస్టారు ఉన్నారా?"

"ముందుగదిలో. మాట్లాడుతూండు, డాబా మీద బట్టలు తీసుకొచ్చేస్తాను, మబ్బు పట్టేలా ఉంది."

మాస్టారు కిటికీ పక్క కుర్చీలో కూచుని పాత లెన్సు ఒకటి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. గోడల పొడుగునా నెగటివుల పెట్టెలు. తీసిన ఏ నెగటివునూ పారెయ్యని మనిషి అని ఆయనకు పేరు.

"రావే పిట్టా. విచారణ రేపే కదా, భయమేస్తోందా? నిజం ఒప్పేసుకో. జేపెగ్‌లో తీశాను, అసలు లేదు అని చెప్పు. తప్పులు అందరం చేస్తాం. ఎవరూ ఉరి తియ్యరు."

పిట్ట కూచోలేదు.

"మాస్టారూ, చిన్న అనుమానం. మీరే తీర్చాలి. తలుపుకి ఆ పచ్చరంగు ఎక్కడిది?"

"ఏ తలుపుకి?"

"నా ఫోటోలో తలుపుకి. నా కెమెరా ఎప్పుడూ నలుపు తెలుపులోనే ఉంటుంది. మీరు పెట్టించిన అలవాటే. జేపెగ్‌లో తీసుంటే తలుపు బూడిదరంగులో ఉండాలి కదా. పేపర్లో పచ్చగా ఉంది."

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. మాస్టారు లెన్సును వెలుగుకు ఎత్తి చూశారు, మళ్ళీ దించారు. అంతసేపూ పిట్ట ఆయన మొహమే చూస్తోంది. నవ్వేసి, 'పిచ్చిదానా, ఇదిగో ఇందుకు' అని ఆయన ఏదైనా చెప్తే బాగుండునని ఆ క్షణంలో కూడా లోలోపల మొక్కుకుంది.

"పేజీ కట్టేవాళ్ళు రంగు వేసుంటారు," అన్నారాయన.

"వేసుంటే ఇక నన్ను ఎవరూ కాపాడలేరు. రంగు వేసినవాళ్ళు తాళం కూడా వేసుంటారని ఫ్యాక్టరీవాళ్ళు అననే అంటారు. అదేనా రేపు నన్ను చెప్పమంటారు?"

కింద దర్జీ కొట్టులో కుట్టుమిషను గరగరమని తిరిగి ఆగింది.

"రా ఉండేదా మాస్టారూ?"

"ఉండేదా ఏమిటే, ఉంది." మాట చాలా చిన్నగా వచ్చింది. "చెరపబోయాను. చెయ్యి రాలేదు. నలభై ఏళ్ళు నెగటివులు దాచిన చెయ్యి ఇది."

పిట్ట గోడకు ఆనుకుంది. ఉందని తెలిసే వచ్చింది.

"ఎందుకు?" అంది.

"పేజీవాడు తలుపు ఎడమపక్క మరీ నల్లగా ఉంది, అచ్చులో ముద్దయిపోతుంది, కాస్త వెలుగు తియ్యండి అన్నాడు. తలుపు పక్కన రేకుల పంచ ఉంది చూడు, దాని కింద చీకటి. నువ్వు గోడమీంచి తీశావు, నీ కంటికి అక్కడ నలుపు తప్ప ఏమీ కనబడదు. రా ఫైలు కదా, ఆ నలుపులో కూడా వెలుగు ఉంటుంది. కొంచెం పైకి తీశాను. భుజం కనబడింది. ఇంకొంచెం తీశాను." ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "మొహం కనబడింది."

"ఎవరిది?"

ఆయన డాబా మెట్ల వైపు చూశారు. పైన అక్క ఏదో పాట కూనిరాగం తీస్తూ తీగ మీంచి బట్టలు లాగుతోంది.

"మీ బావది. బ్యాంకుకీ వెళ్ళలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు. తాళంచెవుల గుత్తి చేతిలో పట్టుకుని ఒక్కడూ నిలబడి ఉన్నాడు. లోపల వాళ్ళు తలుపు బాదుతున్నారు, వీడు అలా నిలబడి ఉన్నాడు."

ఆ తలుపుకీ గోడకీ మధ్య ఎంత దూరం? తాను దూకి పరుగెత్తేంత. గొలుసు లాగుతూ 'తాళంచెవి, ఎవరైనా తాళంచెవి తెండి' అని తాను అరిచిన అరుపు ఇప్పుడు చెవుల్లో మళ్ళీ వినబడింది. తాను దిగేసరికి అక్కడ ఎవరూ లేరు. అంటే ఆ తాళంచెవి అప్పుడే ఆ సందు మలుపు తిరిగిందన్నమాట.

"నేను ఆ వెలుగు మళ్ళీ దించేశాను," అన్నారు మాస్టారు. "ముందుకంటే నల్లగా చేసి జేపెగ్ కట్టి పేజీకి పంపాను. అందులోంచి వాణ్ణి ఇక దేవుడు కూడా బయటికి తియ్యలేడు. అసలు ఫైలు అడుగుతారని అనుకోలేదు. అడిగాక..."

"అడిగాక నా కెమెరా తీసుకుని జేపెగ్‌లో పెట్టారు."

"అవును."

"నాకు చూపించి, నీ చెయ్యే తగిలుంటుంది అన్నారు."

"అన్నాను."

"ఆ సాయంత్రం నేను మీ ఎదురుగా ఇక్కడే కూచుని ఏడ్చాను మాస్టారూ. మీ పాఠం నిలబెట్టలేకపోయానని కాళ్ళ మీద పడ్డాను. మీరు లేపి, తల నిమిరి, పోనీలే తల్లీ అన్నారు." పిట్ట గొంతు పెరగలేదు, సన్నగా అయింది. "నేను చెయ్యని తప్పుకి మీరు నన్ను క్షమించారు. ఆ చేత్తో ఎలా నిమిరారు?"

మాస్టారు మొహం పక్కకు తిప్పుకున్నారు. కంటి చివర తడి కనబడింది. వేరే రోజైతే ఆ తడికే పిట్ట కరిగి నీరైపోయేది.

"ఆ బొత్తాలమ్మాయి తల్లి నన్ను అడిగింది, ఫోటో నిజమేనా అని. నిజమేనని చెప్పలేకపోయాను. నా మీద నాకే నమ్మకం పోయింది కాబట్టి. నిజంగా చూశానా, పొగలో ఊహించుకున్నానా అని కూడా అనుకున్నాను. మీరు నా ఫోటో ఒక్కటే దాచలేదు."

"నాకున్నది ఒక్కగానొక్క కూతురు పిట్టా. దాని బతుకు..."

"ఒక్కతేనా? కొత్తవాళ్ళకి నన్ను చూపించినప్పుడల్లా నాకు ఇద్దరు కూతుళ్ళంటారే!"

ఆ దెబ్బ తగిలింది. పిట్ట చెయ్యి చాపింది.

"ఫైలు ఇవ్వండి. బావని పట్టించడానికి నేనేమీ సరదా పడటంలేదు. ఆ తాళం నిజమని తెలియాలి. అంతవరకే."

"అంతవరకే ఎలా కుదురుతుందే? రా ఇచ్చాక ఎవడైనా వెలుగు తియ్యొచ్చు. మొత్తం చూస్తారు. సగం నిజం ఇవ్వడానికి అందులో వీల్లేదు."

"అయితే మొత్తమే చూడనివ్వండి!"

"ఇవ్వను."

ఆ ఒక్క మాటతో ఆయన గొంతులో తడి ఆరిపోయింది. పిట్ట చాపిన చెయ్యి మెల్లగా దించుకుంది.

"సరే. రేపు విచారణలో ఈ పచ్చరంగు సంగతే చెప్తాను. కెమెరా వాళ్ళ ముందు పెడతాను. జేపెగ్ అయితే రంగు ఉండదని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది."

"చెప్పినా వినరు." మాస్టారు లెన్సును గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు, ఎంతో జాగ్రత్తగా, మూలలు మడుస్తూ. "పొద్దున్నే విచారణాధికారి ఇంటికి వెళ్ళొచ్చాను."

"వెళ్ళి?"

"నలుపు తెలుపు ఫోటో తెచ్చిచ్చావనీ, నేను వద్దన్నా వినకుండా నువ్వే నా కంప్యూటర్లో రంగు వేశావనీ చెప్పాను."

ఆమె ఏం అడుగుతుందో ఆయన ముందే ఊహించి అటు దారి మూసేశారు. పచ్చరంగు సంగతి ఆయనకు ఆమె కంటే ముందే తట్టిందన్నమాట. ఇందాక 'ఏ తలుపుకి' అని అడిగిందీ, పేజీవాళ్ళ మీదికి నెట్టిందీ, ఆమెకు ఎంత తెలుసో తూచడానికే.

"తాళం గురించి?" అంది పిట్ట.

ఆయన గుడ్డ చివర్లు ముడేశారు.

"తాళం గురించి ఏం చెప్పావు?"

'చెప్పావు.' పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఆమె ఏకవచనంలో అనడం అదే మొదలు. ఆ మాట ఇద్దరి మధ్యా నేల మీద పడి పగిలినట్టయింది. మాస్టారు చివుక్కున తలెత్తి చూశారు. పిట్ట ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"చెప్పు!"

"అదీ నువ్వే అతికించావని," అన్నారాయన.

డాబా మెట్ల మీద అడుగుల చప్పుడు. అక్క చేతుల నిండా బట్టలతో దిగింది. గడ్డం కింద ఒక దుప్పటి నొక్కిపట్టుకుని, ఇద్దరినీ చూసి నవ్వింది.

"ఏంటి, గురుశిష్యులు మూగనోము పట్టారా? నాన్నా, దాన్ని కసురుకున్నావా? అసలే పిల్ల కుంగిపోయి ఉంది." పిట్ట వైపు తిరిగింది. "మీ బావ వచ్చే వేళైంది. నలుగురం కలిసి తిందాం. నువ్వుంటే అతనూ ఓ ముద్ద ఎక్కువ తింటాడు. కాదనకు."

పిట్టకు అక్క మొహం చూడటం చేతకాలేదు. ఆ మొహంలో కల్లాకపటం లేదు. ఒక్క మాట చాలు, ఈ గదిలోనే, ఇప్పుడే, ఆ నవ్వును ఆర్పేయడానికి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మాస్టారు కూతురి వెనక నిలబడి పిట్టకు రెండు చేతులూ జోడించారు.

అబద్ధం చెప్పడానికి వణకని చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అది చూసి పిట్టకు జాలి కలగాలి. కలగలేదు.

"ఇంకోసారి తింటానక్కా," అంది.

"ఇంకోసారి ఇంకోసారంటావు. సరే, నీళ్ళైనా తాగి వెళ్ళు," అంటూ అక్క బట్టలతో లోపలి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి వంటింట్లో కొళాయి తిప్పిన చప్పుడు, గిన్నెల చప్పుడు.

పిట్ట వీధి గుమ్మం వైపు నడిచింది. వెనకనుంచి మాస్టారు "పిట్టా" అన్నారు. ఆగలేదు. గడియ తీసి తలుపు లాగింది.

ఎదురుగా, మెట్ల మీద, బావ.

ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. ఒక చెయ్యి మెట్ల కమ్మీ మీద ఉంది, రెండో చెయ్యి తలుపు తట్టబోయి గాల్లో ఆగినట్టు ఉంది. గడ్డం పెరిగిపోయి, కళ్ళు లోపలికి పోయి, అక్క చెప్పినదానికంటే అధ్వాన్నంగా ఉన్నాడు. పిట్టను చూసి తప్పుకోలేదు. పారిపోలేదు. ఆమె అతని కుడిచేతి వైపు చూసింది. తాళంచెవులు పట్టిన చెయ్యి అదే అయ్యుండాలి.

"అంతా విన్నాను," అన్నాడు. వంటింటి కొళాయి మోతలో ఆ మాట వాళ్ళిద్దరికే వినబడింది.

"అయితే చెప్పు బావా. ఎందుకు తియ్యలేదు? నేను అరుస్తుంటే వినబడలేదా?"

"వినబడింది." అతను గది లోపలికి చూశాడు. "మామయ్య నీకు ఏం చెప్పారు? నేనొక్కణ్ణే ఉన్నానని చెప్పారా?"

"ఒక్కడివే, తాళంచెవులు పట్టుకుని నిలబడ్డావని."

బావ నవ్వాడు. ఏడవబోయి నవ్వినట్టు ఉంది ఆ నవ్వు.

"ఆ చీకట్లో ఇంకొంచెం వెలుగు తీసి చూడమను పిట్టా. నా మణికట్టు పట్టుకుని, తియ్యనివ్వకుండా ఆపుతున్న మనిషి కూడా కనబడాలి."

పిట్ట గిరుక్కున వెనక్కి తిరిగింది. మాస్టారు గది మధ్యలో నిలబడి ఉన్నారు. ఆ మొహంలో కోపం ఉంది, భయం ఉంది. వెతికి వెతికి చూసినా ఆశ్చర్యం మాత్రం లేదు.

"ఎవరది?" అంది పిట్ట.

బావ నోరు తెరిచాడు. ఆమె భుజం మీదుగా అతని వైపే చూస్తూ, మాస్టారు వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపారు.